అంపైరమ్మ మంగుమచ్చలూ, నేనూ

నేను ఒక టోపీని. వెడల్పాటి అంచున్న తెల్లగుడ్డ టోపీని, అనంతపురం ఎండకు ఎదురు నిలిచినదాన్ని! ఖైరున్నీసా కుట్టుమిషన్ మీద పుట్టాను. మొదట నన్ను కొన్న కొత్త పెళ్లికొడుకు ఊటీ మంచులో నాతో ఫొటోలు దిగి, ఇంటికి రాగానే బీరువా మీద పడేశాడు. మండే ఊళ్లో మాత్రం ఒట్టి తలతో తిరిగాడు. మనుషులకే చెల్లింది!

నన్ను దించింది అతని అక్క వసుంధర. బడిలో ఆటల టీచరు, జిల్లాలో పేరున్న క్రికెట్ అంపైరు. రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు ఆమె బుగ్గల మీద గోధుమరంగు మంగుమచ్చలు వచ్చాయి. ఎవరో చెప్పిన క్రీము రాస్తే మొదట తెల్లబడి, తర్వాత మొహం భగ్గుమంది. మచ్చలు ఇంకా ముదిరాయి. జనం చూపులు భరించలేక ఆమె మైదానానికే వెళ్లడం మానేసింది.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూ నన్ను పెట్టుకుంది. ఒళ్లో కూర్చుని అంతా విన్నాను.

"చర్మంలో రంగు తయారుచేసే కణాలు మీకు అతిగా స్పందిస్తున్నాయమ్మా. ఎండ తగిలితే చాలు, రంగు పెంచేస్తాయి. మామూలు వెలుతురు కూడా మచ్చల్ని ముదరబెడుతుంది. ఆ పాత క్రీము ఆపేయండి."

"అయితే మేడం, నేను ఇంగ గ్రౌండుకు పోకూడదా?"

"ఎవరన్నారు? రంగు కలిసిన సన్‌స్క్రీన్ రాసుకోండి, రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. ఆ టోపీ వదలొద్దు. మచ్చలు మెల్లగా పలచబడతాయి. మళ్లీ రావచ్చు కూడా, నిరాశపడొద్దు."

ఆ టోపీ! నా కుట్లు ఉబ్బిపోయాయి.

కొన్ని నెలలకు బాలికల జిల్లా ఫైనల్‌కు పిలుపొచ్చింది. అత్తగారు గుమ్మంలో అడ్డుపడింది. "మల్లా ఎండలో నిలబడి మొగం మాడ్చుకుంటావా మ్మే?"

"టోపీ ఉంది, క్రీముంది. పోయొస్తానత్తా!"

నీళ్ల విరామంలో, మైదానం నడిమధ్య, వసుంధర జేబులోంచి సన్‌స్క్రీన్ ట్యూబు తీసింది. ఇంట్లో తలుపేసుకుని రాసుకునే మనిషి, అంతమంది చూస్తుండగా బుగ్గలకు తీరిగ్గా రాసుకుంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె అటు తిరగనైనా లేదు.

చివరి బంతి. గెలవడానికి రెండు పరుగులు. మొదటి పరుగైనా పూర్తికాకముందే ఫీల్డరు విసిరిన బంతి విసురుగా వచ్చి వికెట్లకు తగిలింది, పరుగెత్తుతున్న బ్యాటరు పిల్ల దుమ్ములో జారింది! నా నీడలో వసుంధర కళ్లు రెప్పవేయలేదు. వేలు పైకి లేచింది. అవుట్!

మైదానం హోరెత్తింది. గెలిచిన పిల్లలు చేతికి దొరికిన టోపీలన్నీ ఎగరేశారు, నన్ను కూడా! గిర్రున తిరుగుతూ పైనుంచి ఆమెను చూశాను. పలచబడినా, మచ్చలు ఇంకా ఉన్నాయి. వాటితోనే, మొహమంతా నవ్వుతూ చేతులు చాచి అరుస్తోంది:

"ఎండ కొడ్తాంది పిల్లల్లారా, నా టోపీ ఇయ్యండే!"