నీలం కోటు

గుర్రాల వ్యాపారంలో ముప్పై ఏళ్లు నలిగిన మనిషికి కళ్లే త్రాసు. గుర్రం గేటు దాటి నాలుగడుగులు వేసేసరికి దాని వయసెంతో, ఏ కాలి మీద బరువు మోపడానికి వెనకాడుతోందో, అమ్మేవాడు ఏం దాస్తున్నాడో ఆయన చెప్పేసేవాడు. అందుకే చుట్టుపక్కల వాళ్లు ఆయనకు తూకం అని పేరు పెట్టారు. మొదట చాటుగా అనేవారు, తర్వాత మొహం మీదే పిలిచారు. పెట్టింది వెటకారానికైనా వ్యాపారానికి పనికొచ్చే పేరని ఆయన ఊరుకున్నాడు.

అలాంటి తూకం చుక్క అనే గుర్రం విషయంలో రెండుసార్లు లెక్క తప్పాడు.

మొదటిసారి, అది పుట్టిన రోజున. నుదుట తెల్లమచ్చతో పుట్టిన ఆడ గుర్రప్పిల్ల. తల్లి ఈనిన పూటే ప్రాణం వదిలింది. తల్లి లేని పిల్ల బతకదని, బతికినా దానికి పెట్టింది తిరిగి రాదని తూకం తేల్చేశాడు. అప్పటికి పదిహేడేళ్లున్న ఆయన కూతురు ఆ మాట చెవిన పెట్టలేదు. సీసాకు రబ్బరు పీక బిగించి, రెండు గంటలకొకసారి పాలు పట్టింది. నెల రోజులు శాలలోనే గడ్డి పరుచుకుని పడుకుంది. కూతురు చలికి తట్టుకోలేదని ఆమె తల్లి తన పాత నీలం కోటు తెచ్చి ఇచ్చింది. గుర్రప్పిల్ల ఆ కోటు లోపలికి మూతి దూర్చి నిద్రపోయేది.

ఆ తర్వాత మూడేళ్లూ ఆ కోటు నీళ్ల మొహం చూడలేదు.

"గోడకు ఆనించక్కర్లేదు, దానంతట అదే నిలబడేలా ఉందే," అనేది తల్లి ముక్కు మూసుకుని.

"ఉతికితే చుక్క నన్ను పోల్చుకోదమ్మా."

"సబ్బు వాసనొస్తే మనుషులైనా నిన్ను పోల్చుకుంటారు."

చుక్క నిగనిగలాడుతూ పెరిగింది. వీపు తీరుగా ఉంది, కాళ్లు తిన్నగా ఉన్నాయి. ఒక్కటే చిక్కు. కూతురు వెనక తప్ప ఇంకెవరి వెనకా నడిచేది కాదు. వేరెవరైనా తాడు పట్టుకుంటే నాలుగు కాళ్లూ నేలలో పాతేసినట్టు నిలబడేది.

"ఒక్కరి వెనకే తిరిగే గుర్రం బేరానికి పనికిరాదు అమ్మడూ. కొన్నవాళ్లకు నిన్ను కూడా తోడిచ్చి పంపాలా?" అన్నాడొకరోజు తూకం.

"పంపు. నెల తిరక్కుండా నన్ను వెనక్కి తీసుకోమని వాళ్లే బతిమాలతారు."

చుక్కను అమ్ముతారని ఆమెకు తెలుసు. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల, గేట్లోకి వచ్చిన గుర్రం గేట్లోంచి వెళ్లిపోవడం చూస్తూ పెరిగిన పిల్ల. ఏడవలేదు, మారాం చేయలేదు. ఒక్కటే అడిగింది.

"అమ్ము నాన్నా. కాని దాని వీపు మీద మొదట కూర్చునేది నేనే. ఆ తర్వాత ఎవరికిచ్చినా నీ ఇష్టం."

తూకం చెయ్యి చాపాడు. ఆమె అందులో చెయ్యి వేసింది. వాళ్లింట్లో కాగితాలూ సంతకాలూ ఉండవు, చెయ్యి పడితే మాట పడినట్టే. ముప్పై ఏళ్లలో చెయ్యి కలిపాక వెనక్కి తగ్గలేదని ఆయనకు పేరు.

ఆ రోజు నుంచి కూతురు చుక్కను జీనుకు అలవాటు చేయడం మొదలుపెట్టింది. ముందు వీపు మీద ఒట్టి గుడ్డ వేసింది. వారానికి జీను పెట్టింది, నడుము పట్టీ బిగించకుండా. ఆ తర్వాత రోజుకో రంధ్రం చొప్పున బిగించింది. అది కుదిరాక గోనెసంచిలో ఇసుక పోసి జీను మీద కట్టి తిప్పేది. రోజూ రెండు దోసిళ్ల ఇసుక పెంచేది. దాణా తూచే కాటా మీద సంచిని పెట్టి, తర్వాత తాను నిలబడి, రెండు బరువులూ సమానమయ్యేదాకా అలా పెంచుతూనే పోయింది. దూరం నుంచి చూస్తున్న తూకానికి ఛాతీ ఉప్పొంగింది. ఇంత ఓపికగా గుర్రాన్ని దిద్దేవాళ్లను ఆయన చాలామందిని చూడలేదు. కాని పైకి, "ఇసుకకే అంత మర్యాదా?" అని మాత్రం అన్నాడు.

చుక్కకు ఒక అలవాటుండేది. వీపు మీద బరువు పడగానే మెడ వెనక్కి తిప్పి, పక్కన నిలబడ్డ ఆమె కోటు జేబులో మూతి పెట్టేది. జేబులో క్యారెట్ ముక్క ఉండేది. అది నమిలాకే మొదటి అడుగు వేసేది. చివరి వారం కూతురు జీను మీద అడ్డంగా బోర్లా పడుకుంది. చుక్క మెడ తిప్పి జేబు వెతుక్కుంది, క్యారెట్ నమిలింది, కదలకుండా నిలబడింది.

"ఆదివారం కాలు అటు వేసి కూర్చుంటాను," అంది ఆమె ఆ రోజు అన్నం ముందు కూర్చుని. మొహం దీపంలా వెలుగుతోంది.

శుక్రవారం ఆమెకు టౌన్లో నర్సింగ్ పరీక్ష. పొద్దున్నే బస్సెక్కింది. ఆమె వెళ్లిన రెండు గంటలకు స్వారీ నేర్పే బడి నడిపే పెద్దావిడ కారు దిగింది. చుక్కను చూసి బేరమాడడానికి ఆవిడ రావలసింది ఆదివారం సాయంత్రం.

"ఇంకోచోట కూడా ఒక గుర్రం చూశానండీ, బాగానే ఉంది. ఇవాళ ఏదో ఒకటి తేల్చుకుని వెళ్లిపోతాను. మీది ఎక్కించి చూపించండి."

"ఆదివారం అనుకున్నాం కదమ్మా."

"ఆదివారం దాకా ఆగితే అది కొనేస్తాను."

తూకం మనసులో లెక్క వేశాడు. వెళ్లిపోయిన కొనుగోలుదారు తిరిగి రారు, ఇది ముప్పై ఏళ్ల అనుభవం. చుక్కకు ఇంతకంటే మంచి చోటు దొరకదు, ఆ బడిలో గుర్రాలను కొట్టరు. కూతురికి కావలసింది ఎక్కడం. ఇంటికొచ్చాకైనా ఎక్కుతుంది. ఎక్కింది మొదట ఎవరో చెప్పడానికి గుర్రానికి నోరు లేదు. ఏ పక్క నుంచి చూసినా లెక్క సరిపోయింది.

గుర్రాలెక్కే కుర్రవాళ్లలో తేలికైన వాడిని, అందరూ పుల్ల అని పిలిచేవాణ్ణి, కబురంపి పిలిపించాడు.

"అది నన్ను ఆమడ దూరంలో నిలబెడుతుంది బాబాయ్," అన్నాడు పుల్ల తల గోక్కుంటూ.

తూకం చూపు మేకుకు వేలాడుతున్న నీలం కోటు మీద పడింది. పరీక్షకు మంచి బట్టలు వేసుకుని, కూతురు దాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లింది.

"అది వేసుకో."

వంటింటి గుమ్మంలో నిలబడ్డ భార్య అడ్డం వచ్చింది. "అది పిల్ల కోటు."

"రెండు చుట్లు తిప్పుతాడు, అంతే. గుర్రానికి నోరుందా వెళ్లి చెప్పడానికి?"

"గుర్రానికి లేదు. మీకుంది. పిల్ల అడిగితే ఏం చెబుతారు?"

తూకం దాన్ని మేకు మీంచి తీసి అందించాడు. పుల్ల కోటు తొడుక్కున్నాడు.

చుక్క వాసన పట్టి చెవులు ముందుకు వాల్చింది. పుల్ల జీను బిగించాడు, ఊరుకుంది. రికాబులో కాలు పెట్టాడు, ఊరుకుంది. మెల్లగా కాలు అటు వేసి కూర్చున్నాడు. చుక్క ఒళ్లు ఒక్కసారి బిగుసుకుని, మళ్లీ వదులైంది. బరువు తనకు తెలిసిన బరువే. వాసన తెలిసిన వాసనే. మెడ వెనక్కి తిప్పి కోటు జేబులో మూతి పెట్టింది.

జేబు ఖాళీగా ఉంది.

చుక్క మూతి పైకి జరిగింది. పుల్ల చేతిని వాసన చూసింది, మోకాలిని చూసింది. తూకం కళ్ల ముందే దాని చర్మం మెడ నుంచి తోక దాకా వణికింది. ముందుకు ఒక్క దూకు దూకింది. పుల్ల పడబోయి, రెండు చేతులతో పగ్గాలు గట్టిగా లాగాడు. కళ్లెం నోట్లో కోసుకుంది. మళ్లీ దూకింది. పుల్ల తూకం వైపు చూశాడు. ఇప్పుడు దిగితే బేరం పోయినట్టే. తూకం తల ఊపాడు. పుల్ల పగ్గాలు ఇంకా కుదించి మడమలతో పొడిచాడు.

మూడో దూకు రాలేదు. చుక్క తల దించుకుంది. అలాగే నడిచింది. ఒక చుట్టు, రెండు, ఐదు. కుడికి లాగితే కుడికి, ఎడమకు లాగితే ఎడమకు.

"తొందరగా దారికొచ్చింది. నాకిలాంటిదే కావాలి," అంది పెద్దావిడ. బయానా చేతిలో పెట్టి, పొద్దున్నే వ్యాను పంపుతానని చెప్పి వెళ్లిపోయింది.

నాలుగు గంటలకు కూతురు బస్సు దిగింది. చేతిలో క్యారెట్ల సంచి. పరీక్ష బాగా రాశానని గేటు దగ్గరి నుంచే చెబుతూ వచ్చింది. పొద్దున్నే వ్యాను వస్తుందని తూకం అన్నప్పుడు ఒక్క క్షణం ఆగింది, అంతే.

"అయితే ఇవాళే ఎక్కుతాను. ఇంకా వెలుగుంది," అని మేకు మీది కోటు తీసి వేసుకుని శాలలోకి నడిచింది.

తూకం ఆమె వెనకే వెళ్లాడు.

ఆమె తలుపు తీసింది. చుక్క తల ఎత్తింది. కోటు వాసన తగలగానే చెవులు వెనక్కి వాల్చి, ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, తుంటి గోడకు కొట్టుకునేదాకా జరిగింది.

"చుక్కా?"

ఆమె ముందుకు ఒక అడుగు వేసింది. గుర్రం మొహం తిప్పుకుంది. అప్పుడు కనిపించింది ఆమెకు, పెదవి మూలన ఎండిన నెత్తురు. వంగి తన కోటు కాలరు వాసన చూసుకుంది.

"ఎవరెక్కారు నాన్నా?"

తూకం చెప్పాడు. ఆవిడ ముందే రావడం, పుల్ల, కోటు, మడమలు, తాను తల ఊపడం. ఏదీ దాచలేదు. దాచడానికి ఇంక ఏమీ మిగల్లేదు.

ఆమె కోటు విప్పి బయటికి విసిరేసింది. పలచటి చొక్కాతో నిలబడి, అరచేతిలో క్యారెట్ పెట్టి చాపింది. పొద్దు కిటికీ చువ్వల కిందికి జారేదాకా అలాగే నిలబడింది. చుక్క ఆ చేతి వైపు చూడలేదు.

"జీను వేస్తాను, ఎక్కు తల్లీ," అన్నాడు తూకం. ఆ గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "నువ్వెక్కితే సర్దుకుంటుంది."

"ఎక్కనిస్తుంది నాన్నా. ఇప్పుడు ఎవరినైనా ఎక్కనిస్తుంది."

"నేను మాట తప్పాను. నిజమే."

"అందుక్కాదు." ఆమె గొంతు చాలా మెల్లగా ఉంది. "పుల్లను పుల్లలాగా ఎక్కించి ఉంటే అది పుల్లనే తన్నేది. నువ్వు నా వాసనతో ఎక్కించావు. దాని నోరు కోసింది నేనే అనుకుంటోంది. కాదని దానికి ఎలా చెప్పను?"

"బయానా తిరిగిచ్చేస్తాను. చుక్క ఇక్కడే ఉంటుంది. ఇదిగో," అని తూకం చెయ్యి చాపాడు.

ఆమె ఆ చేతిని చూసింది. తన చెయ్యి కదల్లేదు.

"పంపించెయ్యి. నన్ను చూసి రోజూ గోడకు జరుగుతుంటే నేను చూడలేను."

మర్నాడు పొద్దున్నే వ్యాను వచ్చింది. చుక్క మొండికేస్తుందని, తాళ్లు కావాలని, ఇద్దరు మనుషులు కావాలని తూకం ముందే అన్నీ సిద్ధం చేశాడు. ఏదీ అక్కర్లేకపోయింది. డ్రైవరు తాడు పట్టుకుని నాలుక చప్పరించాడు. చుక్క అతని వెనక నడిచి, వ్యాను పలక మీద డెక్కలు టకటకలాడిస్తూ ఎక్కేసింది. వెనక్కి తిరిగి చూడలేదు.

"మంచి గుర్రమండీ," అన్నాడు డ్రైవరు తలుపు వేస్తూ. "ఏ పేచీ లేదు. ఎవరు పిలిచినా వచ్చేస్తుంది."

మూడేళ్లుగా చుక్క గురించి ఎవరైనా ఆ మాట అంటే చాలని ఎదురుచూసిన మనిషి, విని, తల ఊపాడు.

వ్యాను గేటు దాటింది. పెరట్లో కుళాయి చప్పుడు వినిపించి తూకం అటు వెళ్లాడు. కూతురు బండ మీద కూర్చుని నీలం కోటు ఉతుకుతోంది. ఆమె సబ్బు రాస్తోంది, పిండుతోంది, మళ్లీ రాస్తోంది. మూడేళ్ల మురికి నీళ్లు బండ మీద నుంచి ఒక్కసారిగా కాలవ కడుతున్నాయి. గుమ్మంలో నిలబడ్డ తల్లి ఈసారి ముక్కు మూసుకోలేదు.

తూకం ఆమె పక్కన కూర్చుని, కోటు రెండో అంచు పట్టుకున్నాడు పిండడానికి. కూతురు వదిలించుకోలేదు. అటువైపు మెలితిప్పుతూ, ఆయన మొహం కేసి చూడకుండా, నీళ్లు తేటగా వచ్చేదాకా పిండుతూనే ఉంది.