ఏ సముద్రానికి పోదాం

చింతపండు గుజ్జు దగ్గరపడి నూనె బాణలి అంచులకు తేలే వేళకు పట్టాభిరామయ్య నడుము పట్టేసింది. ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారి జయప్రకాష్ ఇంటి పెరట్లో పొద్దున ఏడింటి నుంచీ ఆయన గరిటె తిప్పుతూనే ఉన్నాడు. ఏటా దసరా బేరాలు అయిపోయాక నాలుగు కుటుంబాలవాళ్లు కలిసి ఒక బస్సు మాట్లాడుకుని సముద్రం చూడటానికి పోతారు. వంటాయన కూడా అదే బస్సులో. ఏ సముద్రానికి పోయినా పులిహోర గుజ్జు తప్పదు కనుక, ఊరి పేరు తేలకముందే ఆయన పని మొదలవుతుంది.

అరవై రెండేళ్ల మనిషి. పొట్టి. ముంజేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు, రెండు మోకాళ్లకూ మందుల షాపులో కొన్న పట్టీలు. ఈ పద్దెనిమిదేళ్ల యాత్రల్లో చెన్నై, విశాఖ, పాండిచ్చేరి, గోవా అన్నీ తిరిగాడు గానీ ఏ సముద్రంలోనూ పాదాలు మునిగేంత దూరం దిగినవాడు కాదు. జనం అలల్లో కేరింతలు కొట్టేటప్పుడు ఆయన బస్సు నీడలో కూర్చుని వంకాయలు తరుగుతుంటాడు. అందుకని ఊళ్లను తూచే తీరు ఆయనది వేరు. చెన్నై నీళ్లకు కందిపప్పు ఉడకదు. గోవాలో తెల్లవార్లూ పాటల మోత, నాలుగింటికి లేవాల్సినవాడికి కునుకుండదు. విశాఖలో నీళ్లు మంచివే, కానీ సత్రం వంటగది మూడో అంతస్తు మీద ఉంది. గిన్నెలైనా, బియ్యం మూటలైనా మెట్ల మీదుగా మోయాల్సిందే. పాండిచ్చేరిలో వంటగది కిందనే, కుళాయి చేతికందే దూరంలోనే. నలుగురూ ఆయన్ని పెద్ద లోకం చూసినవాడని అనుకుంటారు, ఆయన కూడా కాదనడు.

నిన్న సాయంత్రం డ్రైవర్ లాల్ బాషా దీని గురించే ఆయన్ని పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లూ ఆ బస్సు తోలింది అతనే. ఒక్కగానొక్క కూతురు సాజియా రెండేళ్ల కింద ఫ్రిజ్జులు బాగుచేసే పిల్లవాణ్ణి తనంతట తానే పెళ్లాడి విశాఖ వెళ్లిపోయింది. దాని గడప తొక్కనని లాల్ బాషా నలుగురిలో ఒట్టేశాడు. ఇప్పుడు ఆ పిల్లకు ఎనిమిది నెలల కొడుకు.

"నేనుగా పోనని కదా సామీ ఒట్టేసినా. బండి తీసుకోని పోతే అది వేరే. డ్యూటీ కదా," అన్నాడు లాల్ బాషా, నేల చూస్తూ. "ఈసారి విశాఖ అని నువ్వు చెప్పు. నీ మాట వింటారు వాళ్లు."

"చెప్తాలే బాషా," అన్నాడు పట్టాభిరామయ్య. ఆ క్షణాన నిజంగానే అన్నాడు.

గుజ్జు దించుతుండగా జయప్రకాష్, ఆయన భార్య హేమమాలిని ఇద్దరూ పెరట్లోకి వచ్చారు. నాలుగు ఇళ్లలోనూ సగం మంది విశాఖ అంటున్నారు, సగం మంది పాండిచ్చేరి అంటున్నారు. మొగుడొక పక్క, పెళ్లామొక పక్క.

"బీచి అంటే విశాఖదేనప్పా," అన్నాడు జయప్రకాష్. "కొండా సముద్రం ఒకే చోట. సబ్‌మెరైన్ చూడొచ్చు, సింహాచలమూ అయిపోతాది."

"నీకు అన్నిట్లో దేవుడు కలిసి రావాల," అంది హేమమాలిని. "పాండిచ్చేరిలో పొద్దు గూకితే బీచి రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. ఆడోళ్లం ఎంతసేపన్నా తిరగొచ్చు. ఆ రంగు రంగుల ఇండ్లు, ఆ హోటళ్లు, రాత్రయితే ఆ ఊరే వేరే. సామీ, రెండూ చూసినోళ్లు మీరే. మీరే తేల్చాల."

పట్టాభిరామయ్య నోరు తెరిచాడు. సరిగ్గా అప్పుడే బాణలి పట్టుకుని లేవబోతే కుడి మోకాలు కలుక్కుమంది. మూడంతస్తుల మెట్లు కళ్ల ముందు నిలబడ్డాయి.

"పాండిచ్చేరే మేలమ్మా. వసతి శానా బాగుంటాది."

అంతే, తేలిపోయింది.

గుజ్జు చేసిన రోజు దాంతో కలిపిన మొదటి పులిహోర డ్రైవరుకు పెట్టడం వాళ్లిద్దరి మధ్య ఆచారం. మధ్యాహ్నం డబ్బా పట్టుకుని జమ్మలమడుగు రోడ్డులోని బస్సు షెడ్డుకు వెళ్లాడు. లాల్ బాషా టైర్లకు గాలి చూస్తున్నవాడల్లా చేతులు కడుక్కుని వచ్చాడు. ఆయన మొహంలోకి చూశాడు.

"పాండిచ్చేరి అనుకున్నారప్పా," అన్నాడు పట్టాభిరామయ్య. ఎవరు అనుకున్నారో చెప్పలేదు.

లాల్ బాషా కాసేపు డబ్బా మూత తిప్పుతూ కూర్చున్నాడు. "పోనీలే సామీ. నువ్వు చెప్పినా వాళ్లు వినకపోతే నువ్వేం చేస్తావు. నాకోసరం నోరు తెరిచి అడిగినావు, నాకు అది చాలు."

పట్టాభిరామయ్య డబ్బా అందుకుని, మూత తీసి అతని ముందుకు జరిపాడు. లాల్ బాషా మెతుకు మిగలకుండా తిని, పులుపు ఈసారి సరిగ్గా కుదిరిందన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ మెప్పు ఒళ్లంతా కారం పూసినట్టుంది.

ఇంటికి పోయి పడుకున్నాడు, నిద్ర పట్టలేదు. తనకు నొప్పి రెండు మోకాళ్లలో, ఆ మనిషికి రెండేళ్లుగా గుండెలో. మోకాళ్లకైతే పట్టీలున్నాయి. తాను చేసింది పిరికి పని, దాని మీద అబద్ధం ఇంకొకటి. ఇలా పక్క మీద దొర్లి దొర్లి సాయంత్రం నాలుగింటికి లేచాడు. మళ్లీ జయప్రకాష్ ఇంటికి పోయి, హేమమాలిని ముందు నిలబడి, మెట్ల సంగతీ బాషా కూతురి సంగతీ ఉన్నదున్నట్టు చెప్పేశాడు. చెబుతుంటే చెవులు ఎర్రబడ్డాయి.

ఆమె నవ్వింది. "అంతేనా సామీ? లాడ్జికి ఇంకా ఫోనే చేయలేదు. విశాఖే పోదాం. మెట్ల మీద మోసేదానికి ఆడనే ఎవరినన్నా కూలికి పెడ్తాంలే. పొద్దునే చెప్పకూడదా?"

నిజమే, పొద్దునే చెప్పొచ్చు. ఎంతసేపు పట్టింది ఈ మాటకు? ఆమె చేతిలోని కాఫీ కూడా చల్లారలేదు.

ఆటోలోంచి లాల్ బాషాకు ఫోన్ చేశాడు. మోగింది గానీ ఎత్తలేదు. నిద్రపోతుంటాడులే, ఎదురుగా చెబితేనే బాగుంటుందని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఎట్లా చెప్పాలో కూడా అనుకున్నాడు. ముందు తన తప్పు, తర్వాత విశాఖ.

షెడ్డు గేటు దగ్గర బస్సు ఓనరు జహీర్ పాత టైరు మీద కూర్చుని ఉన్నాడు, తలకు రుమాలు కట్టుకుని.

"బాషా పోయినాడు సామీ," అన్నాడు. "తిన్నాక వెనక సీట్లో పండుకున్నాడు. నమాజుకు లేపుదామని పోతే లేయలేదు. డాక్టరు వచ్చి చూసి, నిద్రలోనే పోయిందన్నాడు ప్రాణం. ఇప్పుడే ఇంటికి తీసకపోయినారు."

పట్టాభిరామయ్య గేటు పట్టుకున్నాడు.

"బిడ్డకు చెప్పినారా?"

"చెప్పినాం. సంటోన్ని ఎత్తుకోని బయల్దేరింది." జహీర్ ముక్కు తుడుచుకున్నాడు. "టూరుకు వేరే డ్రైవర్ని పంపిస్తాలే. పాండిచ్చేరే కదా?"

"కాదు. విశాఖ."

ఆ మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని ఆయనకు తన నోటి మీదే అసహ్యం వేసింది.

"అట్లనా. అయితే బోర్డు తుడిపించాల. నువ్వు వచ్చి చెప్పిపోయినాక రాసి పెట్టినాడు," అని జహీర్ లేచి, జనాజా ఏర్పాట్లు చూడటానికి వెళ్లిపోయాడు.

పట్టాభిరామయ్య బస్సు ముందుకు వచ్చి నిలబడ్డాడు. భుజం మీది కండువా చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ భుజాన వేసుకున్నాడు. తుడవడానికి చేయి రాలేదు.

ముందు అద్దం వెనక నల్లపలక మీద లాల్ బాషా గుండ్రటి సుద్ద అక్షరాలతో పాండిచ్చేరి అని ఉంది. దాని కింద చిన్నగా, బస్సు బయల్దేరే రోజూ టైమూ.