తలుపు సరిగ్గా వేయని కోడలు

ఉమామహేశ్వరమ్మకు చేతగాని పని ఈ భూమ్మీద లేదు. ఈ మాట ఊళ్లోవాళ్లు అన్నది కాదు, ఆమె తన గురించి తాను అనుకునేది. అయితే అందులో అబద్ధం కూడా పెద్దగా లేదు. ఈనడానికి ఇబ్బంది పడే బర్రె దగ్గర నుంచి పొలం మోటారు స్టార్టరు దాకా, ఆళ్లగడ్డలోని ఆ ఇంట్లో ఏది మొరాయించినా ముందు ఆమె చెయ్యి పడాల్సిందే. భర్త శేషయ్య సేద్యం చూసుకుంటాడు, కొడుకు సందీప్ ట్రాక్టర్లు చూసుకుంటాడు, వాళ్లిద్దరినీ ఆమె చూసుకుంటుంది.

ఆ ఇంటికి వచ్చేపోయే జనం ఎక్కువ. అహోబిలం వెళ్లే చుట్టాలు దారిలో ఆ ఇంట్లో కాసేపు కూర్చోకుండా పోరు. విత్తనాల కోసం, బాడుగ ట్రాక్టర్ కోసం రైతులు వస్తూనే ఉంటారు. ఎండన పడి వచ్చినవాళ్ల గొంతులో చల్లగా ఏదో ఒకటి పోయకుండా పంపిస్తే ఉమామహేశ్వరమ్మకు అన్నం సహించదు. మజ్జిగ, సుగంధి వేళ్లతో కాచే నన్నారి షర్బత్, కాలమైతే బనగానపల్లె మామిడిపండ్ల రసం. కానీ వంటింటి ఫ్రిజ్ నిండా దోసెపిండి, మల్లెపూలు, ఆకుకూరలు, నిన్నటి పప్పు. అందులో ఒక సీసా పెట్టాలంటే ఇంకొకటి బయటికి రావాలి.

అది చూసి చూసి, కోడలు అమృత తన జీతంతో నంద్యాలలో ఒక చిన్న ఫ్రిజ్ కొని తెచ్చింది. అచ్చంగా తాగేవాటి కోసమే చేసిన ఫ్రిజ్ అది. నడుమెత్తు ఉంటుంది, ముందర గాజు తలుపు, లోపల లైటు, తీగల అరలు. అమృత నంద్యాలలో విత్తనాలు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేస్తుంది. పొద్దున బస్సెక్కి శిరివెళ్ల మీదుగా వెళ్లి సాయంత్రానికి తిరిగి వస్తుంది. ఫ్రిజ్‌ను హాల్లో దించిన రోజు అత్తకు కొన్ని జాగ్రత్తలు చెప్పింది. గోడకు ఆనించకూడదు, వెనక వేడి పోవడానికి జానెడు చోటు వదలాలి. సీసాలు కుక్కితే లోపల గాలి ఆడదు. షర్బత్‌కు కాచిన పాకం పూర్తిగా చల్లారాకే పెట్టాలి. ఉమామహేశ్వరమ్మ అంతా విని, ఆ ఫ్రిజ్‌ను కనిపెట్టింది తానే అన్నట్టు తలూపింది. మర్నాటి నుంచి అవే జాగ్రత్తలు ఇంటికొచ్చిన వాళ్లందరికీ తన సొంత మాటలుగా చెప్పసాగింది.

చెప్పడమే కాదు, చేసింది కూడా. బరువు సీసాలు అడుగు అరలో, మజ్జిగ పైఅరలో. అప్పుడప్పుడూ ప్లగ్గు పీకి, గోరువెచ్చటి నీళ్లలో వంటసోడా కలిపి లోపలంతా తుడిచేది. వెనక దుమ్ము పేరుకోకుండా మెత్తటి చీపురుతో దులిపేది. కరెంటు పోతే చాలు, ఎవరూ తలుపు తెరవకుండా ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. శేషయ్య ఒకసారి ఉల్లిపాయ పచ్చడి గిన్నె అందులో పెట్టబోయి, పెళ్లయిన ఇన్నేళ్లలో తిననన్ని తిట్లు ఆ ఒక్క పూటలో తిన్నాడు.

ఇక శుక్రవారం సంగతి. శుక్రవారం ఆ ఇంట్లో గడపలన్నిటికీ పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టడం ఆమె అత్తగారి కాలం నుంచి తప్పని ఆనవాయితీ. ఫ్రిజ్ వచ్చిన మొదటి శుక్రవారం దాని నెత్తిన బొట్లు మాత్రం పెట్టి ఊరుకుంది. తర్వాత శుక్రవారం తలుపు తెరిచి చూస్తే, తలుపంటూ ఉన్నాక గడప కూడా ఉన్నట్టే కదా అనిపించింది. తలుపు లోపలి అంచున చుట్టూ మెత్తటి రబ్బరు పట్టీ ఉంటుంది. ఆ పట్టీ పొడవునా నిండుగా పసుపు రాసి, మధ్యమధ్య కుంకుమ అద్దింది. కళగా ఉంది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం అదే పని. మామూలు గడపనైతే ముందు కడిగి రాస్తారు. ఇది కరెంటు వస్తువు, నీళ్లు పోయకూడదు. అందుకని పాత పసుపు మీదనే కొత్త పసుపు రాస్తూ పోయింది.

ఎండలు ముదిరేసరికి ఫ్రిజ్ మొండికేసింది. గాజు తలుపు నిండా చెమట పట్టినట్టు నీటి బొట్లు. కింద బండల మీద చిన్న మడుగు. మోటారు ఒక్క క్షణం ఆగకుండా రొద పెడుతోంది, అయినా లోపలి షర్బత్ కుండనీళ్లంత చల్లగా కూడా లేదు. ఉమామహేశ్వరమ్మ చలి పెంచే మీట చివరిదాకా తిప్పింది. వెనక జానెడు చోటు కొలిచింది. దుమ్ము చూసింది, ప్లగ్గు చూసింది, సీసాలు సగానికి సగం తీసేసింది. మెకానిక్‌కు ఫోను చేస్తే, ఎండాకాలం ఏసీల పనితోనే ఊపిరాడడం లేదు, వచ్చే నెల చూద్దామన్నాడు. తన వైపు లోపమేమీ లేదని తేలిపోయింది కాబట్టి, ఇక లోపం ఇంకెవరి వైపో ఉండాలి.

ఆ ఫ్రిజ్ తలుపు తెరిచేవాళ్లు ఇంట్లో మరీ ఎక్కువమంది లేరు. సాయంత్రం బస్సు దిగి వచ్చిన అమృత, భుజాన బ్యాగుతోనే తలుపు తెరిచి మజ్జిగ తీసుకుని, మోచేత్తో తలుపు నెట్టి లోపలికి వెళ్తుంది. ఆ మోచెయ్యి ఉమామహేశ్వరమ్మ కంట్లో పడింది. తలుపు సరిగ్గా పడడం లేదని, గట్టిగా వేయమని ఒకటికి నాలుగుసార్లు చెప్పింది. గట్టిగానే వేస్తున్నానని అమృత నెమ్మదిగా జవాబిచ్చింది. ఇంకేదో చెప్పబోయి, అత్త ముఖం చూసి ఆగిపోయింది.

ఇంతలో అమృత తల్లి భారతమ్మ అహోబిలం వెళ్లి వస్తూ వియ్యపురాలి ఇంట్లో ఆగింది. అప్పటికే హాల్లో ఎవరో రైతులు కూడా ఉన్నారు. ఉమామహేశ్వరమ్మ నిమ్మకాయ పిండి, సబ్జా గింజలు వేసి నన్నారి షర్బత్ గ్లాసులు స్వయంగా అందించింది. భారతమ్మ ఒక గుక్క తాగి, మర్యాదకు బాగుందంది. బాగుంది అనడానికి ముందు ఆమె పెదవుల దగ్గర గ్లాసు ఒక్క క్షణం ఆగడం ఉమామహేశ్వరమ్మ చూసింది. తన ఇంట్లో, తన చేత్తో ఇచ్చిన గ్లాసు చల్లగా లేదు. ఆ ఉక్రోషంలో నోరు జారింది.

"బిడ్డకు అన్నీ నేర్పినావు వదినా, తలుపు వేసేది మాత్రం నేర్పలే నువ్వు."

రైతులు నవ్వారు. శేషయ్య కూడా నవ్వాడు. భారతమ్మ నవ్వలేదు. అమృత ఖాళీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్లి, తల్లి బయల్దేరేదాకా ఇవతలికి రాలేదు.

మర్నాడు సందీప్ తల వంచుకుని అసలు సంగతి చెప్పాడు. అమృతకు రోజూ బస్సు ప్రయాణం కష్టంగా ఉందట. నంద్యాలలో ఒక అద్దె ఇల్లు చూశారట. ఇంటాయన ఆదివారం ఫోను చేస్తాడు, అప్పటికి ఏదో ఒక మాట చెప్పాలి. ల్యాబ్‌లో విత్తనాల పని ముమ్మరంగా ఉంది కాబట్టి అందాకా అమృత నంద్యాలలోనే, పుట్టింట్లో ఉంటుంది. ఉమామహేశ్వరమ్మ మీ ఇష్టం అంది. అనడమైతే అంది కానీ, మనసు ఒప్పుకోలేదు. ఆడపిల్లలు లేని మనిషి ఆమె. సాయంత్రం అమృత బస్సు దిగి వచ్చి, చెప్పులు విప్పుతూనే ఆ రోజు కబుర్లు మొదలుపెడితే, రోజంతా అందరికీ ఆజ్ఞలు జారీచేసి అలసిన ప్రాణం కుదుటపడేది. ఆ పిల్ల వెళ్లిపోతే ఇల్లు బోసిపోతుంది. ఆ మాట బయటికి చెప్పడం మాత్రం ఆమెకు చేతకాలేదు.

నిజంగా బస్సు కోసమే వెళ్తోందా, లేక తాను అన్న మాటకా? ఈ అనుమానం ముల్లులా గుచ్చుతూనే ఉంది. తాను అన్నది నిజమే అయితే తనదేం తప్పు? ఆ నిజమేదో తేల్చుకోవాలనుకుంది. అమృత ఊళ్లో లేదు. ఇక ఈ ఇంట్లో ఎవ్వరూ ఆ ఫ్రిజ్ ముట్టుకోకూడదని హుకుం వేసింది. తలుపు తానే స్వయంగా, రెండు చేతులతో నొక్కి వేసింది. ఆ రోజు వచ్చినవాళ్లందరికీ కుండనీళ్లే ఇచ్చింది. మర్నాడు పొద్దున శేషయ్యను పిలిచి సాక్షిగా నిలబెట్టి తలుపు తెరిచింది.

కింద మళ్లీ మడుగు. సీసా పట్టుకుంటే చల్లదనం అంతంతమాత్రమే.

"కోడలు నంద్యాల నుంచే చెయ్యి చాపి తలుపు తీసిందేమో," అన్నాడు శేషయ్య. అని, టవల్ భుజాన వేసుకుని పొలం దారి పట్టాడు.

ఉమామహేశ్వరమ్మ తలుపు మూసి ఫ్రిజ్ ముందే చతికిలబడింది. ఊరికే తలుపు అంచు వెంట చెయ్యి పోనిస్తే, కింది మూలలో చల్లటి గాలి వేళ్లకు తగిలింది. లోపల ఉండాల్సిన చలి బయటికి వస్తోంది. కుక్కర్ మూత సందులోంచి ఆవిరి పోతే ఆమె ముందు చూసేది రబ్బరునే. గంజి ఎండి అట్టకట్టిన రబ్బరు మూతను పట్టుకోదు. తలుపు తెరిచి పట్టీ మీద గోరుతో గీకింది. పసుపు పెచ్చు ఒకటి ఊడి ఒళ్లో పడింది.

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ప్రతి శుక్రవారం తన చేత్తో తానే ఆ తలుపు పడకుండా చేసింది. ఆ నింద తెచ్చి పిల్ల నెత్తిన వేసింది, అదీ కన్నతల్లి ముందర.

అంత బాధలోనూ చేతులు ఊరుకోలేదు. ప్లగ్గు పీకేసింది. దేవుడికి ఒక దండం పెట్టుకుని, వేణ్నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో పట్టీని చుట్టూ నానబెట్టింది. పాత టూత్‌బ్రష్‌తో మడతల్లో ఇరుక్కున్నదంతా తీసింది. పూర్తిగా తడి ఆరాక, క్యాలెండర్ కాగితం ముక్క ఒకటి తలుపు సందులో పెట్టి మూసి లాగింది. రాలేదు. చుట్టూ ప్రతిచోటా అలాగే లాగి చూసింది. ఎక్కడా రాలేదు. మీట మళ్లీ మధ్యకు తిప్పి ప్లగ్గు పెట్టింది. ఆదివారం పొద్దుటికి గాజు మీద ఒక్క బొట్టు లేదు, మోటారు కాసేపు ఆడి కాసేపు ఆగుతోంది. షర్బత్ నోట్లో పోసుకుంటే పళ్లు జివ్వుమన్నాయి.

ఆ చల్లటి సీసా తడిగుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని బస్టాండుకు బయల్దేరింది. అంతదూరం ఎందుకు, ఒక ఫోను చేస్తే పోయేదానికి అన్నాడు శేషయ్య. అందరి ముందర అన్న మాటను ఫోన్లో గుసగుసగా వెనక్కి తీసుకోవడం తనకు రాదని చెప్పి బస్సెక్కింది.

నంద్యాలలో భారతమ్మ ఇంటికి చేరేసరికి ఎండ చుర్రుమంటోంది. తల్లీకూతుళ్లిద్దరూ హాల్లోనే ఉన్నారు. కూర్చోమన్నా కూర్చోలేదు ఉమామహేశ్వరమ్మ.

"వదినా, ఆ పొద్దు అమృతకు తలుపు వేసేది రాదంటి. తప్పు నాది. నేను రాసిన పసుపు గట్టిపడి తలుపు పడకుండా పోయింది. నీ బిడ్డది రవ్వంత తప్పు లేదు. నీ ముందర అంటి కాబట్టి నీ ముందరే చెప్తాండా."

భారతమ్మ ఆశ్చర్యంగా చూసింది. అమృత ముఖంలో మాత్రం ఆశ్చర్యం లేదు. ఉమామహేశ్వరమ్మ అది గమనించింది. నీకు ముందే తెలుసా అని అడిగింది.

"తెలుసత్తా."

"మరి చెప్పకపోతివేందమ్మా?"

"శుక్రవారం పూట పసుపు రాయొద్దని కోడలు ఎట్ల చెప్తుందత్తా? ఇంటికి కీడు కోరినట్టు ఉంటుంది. దానికంటే తలుపు వేసేది రాదనిపించుకునేదే నయం అనుకుంటి."

ఉమామహేశ్వరమ్మ ఇక దాచుకోకుండా అడిగేసింది, తన మీద కోపంతోనే వేరే ఇల్లు చూసుకుంటున్నారా అని.

"కోపం కాదత్తా, భయం," అంది అమృత. "మీరు ఒక మాట అన్నారంటే అదే ఖాయం. ఆ తర్వాత ఎవరు ఏం చెప్పినా మీకు వినపడదు."

ఇంకెవరైనా ఈ మాట అని ఉంటే ఉమామహేశ్వరమ్మ ఏం చేసేదో ఆమెకే తెలుసు. ఇప్పుడు మాత్రం పూర్తిగా విన్నది. విని, అప్పుడు కుర్చీలో కూర్చుంది. ఇంత మంచి పిల్ల తన ఇంట్లో నోరు మూసుకుని బతికిందే అని ఏడుపొచ్చింది. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"ఇంగ మీద చెప్పు. నేను వినకపోతే రెండోసారి చెప్పు, అరిచి చెప్పు. ఇల్లు చూసుకునేది మీ ఇష్టం, నేను అడ్డం రాను. బస్సు కష్టమైతే పోండి. నాకు భయపడి మాత్రం పోవద్దు తల్లీ."

అమృత సంచిలోంచి సీసా తీసి గ్లాసుల్లో పోసింది. భారతమ్మ ఒక గుక్క తాగి, చలికి దవడ పట్టుకుని, ఇది తాగితే రేపటికి జలుబు ఖాయమంది. ముగ్గురూ కొంచెం నవ్వారు.

అప్పుడే ఫోను మోగింది. అద్దె ఇంటాయన. ఉమామహేశ్వరమ్మ గ్లాసు పట్టుకుని నేల చూపులు చూస్తూ కూర్చుంది. అడ్డం రానని ఇప్పుడే మాటిచ్చింది, ఇక చేయగలిగింది ఏమీ లేదు.

"ఇల్లు బాగుంది సార్," అంటోంది అమృత. "మాకే కుదరట్లేదు. మా అత్త పోనీయనంటాంది."

ఉమామహేశ్వరమ్మ దిగ్గున తలెత్తింది. తాను ఆ మాట అననే లేదు. అబద్ధం అని నోరు తెరవబోయింది. అమృత ఫోను చెవి దగ్గర పెట్టుకుని, తన వైపే చూస్తూ నవ్వు ఆపుకుంటోంది.

"అవును, పోనీయను," అంది ఉమామహేశ్వరమ్మ, ఫోన్లో ఆయనకు కూడా వినపడేంత గట్టిగా.