మైల లేని చావులు

పెళ్లయిన ఆడదాని రక్తం ఏ ఇంటిది? ఆర్మూర్‌లో ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

1995 వేసవి. కమీషన్ వ్యాపారి అంబదాస్ దుకాణం వెనక గంగామణి పసుపు ఏరుతోంది. కొమ్ములు కుడివైపు, దుంపలు ఎడమవైపు, పుచ్చులు వెనక్కి. పద్దెనిమిదేళ్లుగా అదే పని. గోళ్ల మొదళ్లలోకి దిగిన పసుపు ఏ సబ్బుకూ వదలదు. నలభై దాటని మనిషి. భర్త పోయాక బావ ఎల్లయ్య ఇంట్లో ఒక గది ఆమెది. ఆ రోజు ఎడమ చేతిని పక్కటెముకలకు ఆనించుకుని ఒంటిచేత్తో ఏరుతోంది.

"ఎడమ చెయ్యి ఇంట్ల మర్చిపోయొచ్చినవా ఏందే?" అంది పక్కన కూర్చున్న సత్తవ్వ.

"ఒక్క చెయ్యితోనే నీకంటె ముందున్న. నువ్వు నోరుతోని ఏరుతున్నవ్."

రొమ్ములో గడ్డ నిమ్మకాయంత అయింది. మధ్యాహ్నం ఎల్లయ్య తన పని మానుకుని ఆమెను దవాఖానకు తీసుకుపోయాడు. చెడ్డవాడు కాడు. డాక్టరమ్మ గడ్డను తడిమి చూసి, కాగితం ముందుకు లాక్కుంది.

"రక్తసంబంధం ఉన్నోళ్లల్ల ఎవరికన్నా గిట్ల వచ్చిందా? వస్తే బిడ్డను గూడ పిలిపియ్యాలె."

"మా ఇంట్ల ఏడు తరాల సంది గసొంటి రోగమే లేదమ్మా," అన్నాడు ఎల్లయ్య.

"నువ్వు చెప్పమ్మా."

"బావ చెప్పిండు గదా."

'లేదు' అంటే చాలు, నందిపేట్‌లో కాపురముంటున్న కూతురు నీలవ్వకు రాదన్నట్టే తోచింది గంగామణికి. డాక్టరమ్మ 'లేదు' అని రాసుకుంది.

తిరుగుదారిలో గంగామణి మెల్లగా అంది: "నన్ను గన్న అవ్వ గిదే గడ్డతోని పోయింది బావా. అక్క గూడ."

"గది భీమ్‌గల్‌ల నీ తల్లిగారింటి ముచ్చట. మనం మైల పట్టినమా?"

పట్టలేదు. కోడలి పుట్టింటి చావుకు ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు, తలస్నానాలు లేవు. మైల లేని చావు ఆ ఇంటి లెక్కలో చావే కాదు. ఆ రోజుల్లోనే దూరదేశపు ప్రయోగశాలలు తేల్చిన సంగతి వేరు: తల్లి నుంచి గానీ తండ్రి నుంచి గానీ దిగే ఒక్క జన్యువులో లోపం ఉంటే, ఈ రొమ్ము క్యాన్సర్ పడుచు వయసులోనే వెతుక్కుంటూ రావచ్చు. జన్యువు ఇంటిపేరు మార్చుకోదు. ఆ మాట ఆర్మూర్ దాకా రాలేదు.

సాయంత్రం గంగామణి మిగిలిన రాశి ఏరింది. పై ఏటి పంట మార్కెట్‌కు రాకముందే, ఎవరినీ లేపకుండా, తెల్లవారుజామున పోయింది.

నీలవ్వ చంటిబిడ్డతో వచ్చింది. మూడు రోజులు మైల పట్టింది. అమ్మమ్మదీ పెద్దమ్మదీ ఇదే గడ్డ అని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వెళ్లేటప్పుడు తల్లి గదిలోని దండెం మీద నుంచి ఒక రవిక తీసుకుని ఒడిలో పరుచుకుంది: చంకల దాకా పసుపు మరకలు, ఎడమ పక్క కుట్లు విప్పి వదులు చేసిన రవిక.

మీ అమ్మ వైపు ఆడవాళ్లు ఏ రోగంతో పోయారో ఈ పూటే మీ బిడ్డలకు చెప్పండి. చెప్పేదాకా ఆ రవికను మడవకండి.