తాళంచెవితో నిద్రపోయిన మిషను

కోదాడ సత్యానందం చేసిన ద్రోహాన్ని కాశీరాం చచ్చేదాకా మరిచిపోడు. మిర్యాలగూడ రైస్ మిల్లులో కంప్యూటరు పెట్టింది ఆ సత్యానందమే. ఒక రైతు ఖాతా తెరిస్తే ఆ ఒక్క ఖాతాకే తాళం పడాలి. పని తగ్గుతుందని సత్యానందం రైతులందరి ఖాతాలకూ కలిపి ఒక్కటే తాళం పెట్టాడు. ఆఫీసులో ఎవరి ఖాతా తెరిచి ఉన్నా బయట కాటా దగ్గర తూకం చీటీ రాదు. "ఎంతండీ, క్షణం పని," అన్నాడట.

ఆ క్షణం తొంభై ఐదు నవంబరులో, తుఫానొస్తుందని రేడియో చెప్పిన రోజున వచ్చింది.

దామరచర్ల అవతలి తండా నుంచి కాశీరాం తోలుకొచ్చిన ట్రాక్టరు మిల్లు గేటు ముందు మొదటిది. వెనక రోడ్డు దాకా బండ్లే. ఎరువులకు తీసుకున్న అడ్వాన్సు కింద అతని పొలం కాగితం మిల్లు ఓనరు దగ్గరుంది. ఆ రోజుతో గడువు తీరుతుంది. ఎండు వడ్లు తూకమైతే కాగితం తిరిగొస్తుంది, లేకుంటే పొలం ఓనరుది. తడిసిన గింజను ఓనరు ముట్టడు.

"ఏందన్నా, ఇంకెంతసేపు?" అని కాటా మనిషిని అడిగాడు.

"తెర అట్నే నిలబడ్డదే. ఉలుకు లేదు, పలుకు లేదు."

"చేత్తోని రాసియ్యరాదే?"

"చేతి చీటీలు ఓనరు బంద్ పెట్టిండు. రాస్తే నా కొలువు ఖతం."

తూర్పున మబ్బు నల్లబడింది. ట్రాలీలో వడ్ల మీద కూర్చున్న భార్య రుక్మాబాయి చిల్లుల టార్పాలిన్ అంచుల్ని కాళ్లతో తొక్కిపట్టింది.

"దీంట్లకెల్లి ఆకాశమంత కనబడ్తున్నది. జర లోపటికి పోయి అడుగు," అంది.

ఆఫీసులో గుమాస్తా గౌరయ్య అన్నం తిని చెయ్యి కడుక్కుంటున్నాడు. అతని బల్ల మీది తెర చీకటిగా ఉంది.

"నాది ఆర్పి పెట్టిన గదయ్యా. వోల్టేజి ఎగిరితే టీవీ లెక్క కాలిపోతది. లేస్తే స్విచ్ ఆర్పుడే నా అలవాటు. ఇగ నా తానేముంటది?"

కాశీరాం సత్యానందం నంబరు అడిగి తీసుకుని, రోడ్డవతల ఎస్టీడీ బూత్‌కు ఉరికాడు. ఫోన్లో విషయమంతా చెప్పాడు.

"తెర ఆర్పితే లోపలి పని ఆగదండీ," అన్నాడు సత్యానందం. "ఎవరో మీట నొక్కుతారని చూస్తూ, ఆ పని తాళంచెవి చేతిలో పట్టుకునే నిద్రపోయింది. కాటా పని ఆ తాళంచెవి కోసం గుమ్మంలో పడుకుంది. మొదటిదాన్ని లేపితేనే రెండోది లేస్తుంది. ఆ తెర వెలిగించి, పైన ఎడమ మూల మీట నొక్కమనండి."

"గిట్లయితదని ముందుగాల్నే చెప్పకపోతివి?"

"చెప్పానండీ, మీ ఓనరు గారికి."

రోడ్డు దాటుతుంటే మెడ మీద ఒక చినుకు పడింది. కాశీరాంకు నిప్పురవ్వ పడ్డట్టే అయింది.

గౌరయ్య తెర వెలిగించాడు. "అరె, గీ ఖాతా తెరిచే ఉన్నది!" అని మీట నొక్కాడు. కాటా గదిలో ప్రింటరు గరగరలాడింది.

కాటా మనిషి కిటికీలోంచి తల బయటపెట్టి, "రాండ్రి, రాండ్రి!" అని కేకేశాడు. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. బండ్ల కింద, గోడ నీడన పడుకున్న డ్రైవర్లందరూ ఒక్కసారే లేచారు. ఇంజన్లన్నీ ఒక్కసారే మోగాయి. కాశీరాం ఆఫీసులో ఉండటంతో మొదటి బండి సీటు మాత్రం ఖాళీ. దాన్ని దాటుకుని ఎడమ నుంచి ఒక బండి, కుడి నుంచి ఒక బండి దూరాయి. గేటులో ఒక్క బండికే సందు. రెండు ట్రాలీలూ అందులో ఇరుక్కున్నాయి.

"ఎనకకు తియ్యి బే!"

"నా ఎనకున్నోణ్ణి తియ్యమను!"

"నేనేడికి తీయాలె, నీ అయ్య మీదికా?"

కాశీరాం ఒక్కొక్కరి కాళ్లూ పట్టుకున్నాడు. "జర జరుగుండ్రి బాంచెను, నా పొలం పోతది!" ఇంజన్ల హోరులో ఆ మాట అతనికే వినబడలేదు. వాన దిగింది. రుక్మాబాయి చేతులు చాపి టార్పాలిన్ మీద బోర్లా పడుకుంది. మనిషి ఒళ్లు ఎన్ని గింజల్ని కాస్తుంది?

గేటులో చిక్కు విడి, బండి కాటా ఎక్కాక తూకం చీటీ అడిగిందే తడవుగా వచ్చింది. గౌరయ్య గుప్పెడు వడ్లు తీసి పిండాడు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారాయి. అతను కాశీరాం మొహం చూడకుండా తల అడ్డంగా ఊపాడు.

పోయింది సాగర్ కాలువ నీళ్లు పారే పొలం. రెండెకరాల పదహారు గుంటలు.