రాణిచీమకు పర్యవేక్షణ

మా ఆవిడ నేను పనిచేసే బడిలోనే సైన్సు చెప్పేది. ఆసుపత్రిలో చేరే ముందురోజు, వాన వెలిశాక, బడి మెట్ల మీద రెక్కలు రాల్చుకున్న చీమనొకదాన్ని పట్టి గాజు గొట్టంలో పెట్టింది. అడుగున నీళ్లు, వాటిని ఆపుతూ దూది, ఆపైన చీమ, మూతికి మళ్లీ దూది. చుట్టూ కాగితం చుట్టి దాని మీద రాసింది: "రాణి. చీకట్లో ఉంచాలి. తిండి పెట్టవద్దు. నెల దాకా చూడవద్దు."

ఆవిడ తిరిగి రాలేదు. నేను మళ్లీ బడికి వెళ్లేసరికి గొట్టం స్టాఫ్ రూమ్ సొరుగులో ఉంది. లోపల తొమ్మిది గుడ్లు. అవి పిల్లలయ్యేదాకా దాన్ని బతికించుకుంటే చాలనుకున్నాను.

సంగతి తెలిసి హెడ్మాస్టరు గారు కమిటీ వేశారు.

"ముందు అది రాణో కాదో తేలాలి," అన్నారాయన.

"చెదపురుగు సార్. మా ఇంటి తలుపు తిన్నది ఇదే," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"రెక్కల్లేని రాణేమిటండీ?" అన్నారు లెక్కల మాస్టారు.

ఆవిడ నాకు నేర్పినట్టే బలిసిన వీపునూ, రెక్కలు ఊడిన మచ్చలనూ చూపించాను. చేతులెత్తించి రాణేనని తీర్మానించారు. కాగితం మీది మాట గుర్తుచేశాను.

"రాసినవారు సంప్రదింపులకు అందుబాటులో లేరు కదా," అన్నారు హెడ్మాస్టరు గారు. అన్నాక దగ్గారు.

పర్యవేక్షణ పుస్తకం తెరిచారు. పీరియడుకొకరు సొరుగు లాగి, కాగితం విప్పి, గుడ్లు చూసి సంతకం పెట్టాలి. డ్రిల్లు మాస్టారు దూది తీసి చక్కెర కూడా వేశాడు.

"ఖాళీ కడుపుతో పిల్లల్నెలా కంటుందండీ, పాపం?"

మర్నాటికి గొట్టంలో బూజు. సోమవారం తొమ్మిదున్న గుడ్లు బుధవారానికి ఆరు, శుక్రవారానికి రెండు.

"కదిలిస్తే బెదిరి తన గుడ్లు తనే తింటుందండీ," అన్నాను.

"అంటే పర్యవేక్షణ చాలట్లేదన్నమాట. పీరియడుకి రెండుసార్లు చూడండి," అన్నారు హెడ్మాస్టరు గారు.

లెక్కల మాస్టారు పుస్తకంలో ఇంకో గడి గీశారు.

ఇంట్లో అక్క ఉంది. నాకు తోడుగా వచ్చింది. గంటకోసారి గది తలుపు తీసి, "తిన్నావురా? కాస్త నిద్ర పట్టిందా?" అని అడిగి, నా మొహం చూసి, చూసింది చూసినట్టు బంధువులకు ఫోన్లో చెప్పేది. తప్పు పట్టడానికేం లేదు. ప్రేమే.

ఆ శుక్రవారం సాయంత్రం రాణినీ, మిగిలిన రెండు గుడ్లనూ కొత్త గొట్టంలోకి మార్చి, ఆవిడ కాగితమే చుట్టి, జేబులో ఇంటికి తెచ్చాను. ఆవిడ బట్టల బీరువాలో మడతల మధ్య పెట్టి తాళం వేశాను. బడి సొరుగులోని గొట్టంలో నల్లదారం ముడి ఒకటి ఉంచాను.

పుస్తకం ఆగలేదు. "రాణి కులాసా." "కొంచెం చిక్కినట్టుంది." "నన్ను గుర్తుపట్టి మీసం కదిపింది." ఈ చివరిది డ్రిల్లు మాస్టారు రాశాడు. అన్నింటి కిందా హెడ్మాస్టరు గారి ఆకుపచ్చ సంతకం.

ఆ పై వారం, ఆదివారం నాడు అక్క బీరువా తాళంచెవి పట్టుకుని వచ్చింది.

"ఆ బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దాంరా. కళ్లెదుట ఉంటే నీకే బాధ."

"ఇంకో ఇరవై రోజులు తెరవొద్దక్కా."

"ఏముందిరా అందులో?"

"ఏముందో ఇప్పుడు చూడకూడదు. ఆవిడ రాసిపెట్టింది."

అక్క కాసేపు నా మొహం చూసింది. తాళంచెవి బల్ల మీద పెట్టి, తిన్నావా అని అడగకుండా, తలుపు దగ్గరగా వేసి వెళ్లింది.