ఓడెక్కిన ఎర్ర ట్యాగు

“మూడు దినాలు నువ్వు పొయ్యి మొకం చూసే పని లేదు, సుమంగళా. అన్నీ వాళ్లే చేసి పెడ్తరు.”

గురునాథ్ ఈ మాట అన్నప్పుడు సుమంగళ బాల్కనీలో ఆరిన బట్టల మీది బూడిద దులుపుతోంది. థర్మల్ ప్లాంటు కాలనీలో బట్టలు ఉతకడం ఒక పని, ఆరాక దులపడం ఇంకో పని. ఆమె దిండు గలీబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. పెళ్ళయిన ఇరవై ఆరేళ్ళలో మొగుడి నోట చాలా మాటలు విన్నది గానీ ఇలాంటిది వినలేదు. అతడు మనసు మార్చుకునేలోపే ఆ మాటను గలీబుతో పాటు మడిచి లోపల పెట్టేసుకుంది.

సంగతేమంటే, ముంబైలో బయల్దేరి గోవా దాకా వెళ్ళి తిరిగొచ్చే పెద్ద ఓడలో టిక్కెట్లు సగం ధరకు ఇస్తున్నారని అతడు ఫోన్‌లో చూశాడు. గురునాథ్ ప్లాంటులో బాయిలర్ మెయింటెనెన్సు ఫోర్‌మన్. సగం ధర అంటే చాలు, అక్కర్లేని వస్తువు రెండు కొనే రకం. పైగా ఒక గదిలో మూడో మనిషికి టిక్కెట్టు లేదట. ఉచితంగా వచ్చే మూడో మనిషిని వదులుకోవడం అతడి ప్రాణానికి కాలేదు. అందుకని వాళ్ళమ్మ పంపమ్మను అడిగాడు.

“నాకెందుకురా సముద్రం? కృష్ణల కాళ్లు కడుక్కుంటె సాలదా?” అన్నది ముసలామె.

“ఫుకట్ అమ్మా.”

“ఔనా! ముందుగాల చెప్పవేందిరా మరి?” అని ఆ సాయంత్రమే అటక మీది సంచి దింపించింది. దింపింది సుమంగళే అనుకోండి.

ఆ రోజు నుంచి గురునాథ్ వీడియోల్లో మునిగిపోయాడు. ఓడ ప్రయాణంలో డబ్బు ఎలా మిగల్చుకోవాలో, ఒళ్ళు ఎలా కాపాడుకోవాలో ఒక టోపీ పెద్దమనిషి ఓపిగ్గా చెబుతుంటాడు. కిటికీ లేని గది చవక. ఓడ నడిమధ్య, కింది అంతస్తులో గదైతే ఊగుడు తక్కువ. వికారానికి అల్లం ముక్క దగ్గరుంచుకోవాలి. తిండి టిక్కెట్టులోనే వస్తుంది కదా అని ఎగబడకూడదు, తిన్న ప్రతిసారీ ముందూ వెనకా చేతులు కడుక్కోవాలి. అక్కడ బట్టలు ఉతికించుకుంటే ఖర్చు, చిన్నవి గదిలోనే జాడించుకోవాలి. అన్నీ మంచి మాటలే, సుమంగళకు ఆ పెద్దమనిషి మీద ఏ కోపమూ లేదు. ఆయన తన బనియన్లు తానే జాడించి తాడు మీద వేసుకోవడం కూడా చూపించాడు. ఆ ముక్క వచ్చేసరికి గురునాథ్ వేలితో వీడియోను ముందుకు జరిపేవాడు.

చిట్కాలు అతడి నోట బయల్దేరి తిన్నగా ఆమె చేతుల్లో వచ్చి పడేవి. “అన్ని దినాలు నూనె తిండి తింటె పానం ఖరాబయితది. జొన్న రొట్టెలు ఖడక్‌గ కాల్చి పెట్టుకుందం, నెలైనా పాడుగావు. పల్లీల శేంగా చట్నీ దంచుకుందం. అల్లం మురబ్బా చేసుకుందం.” ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చేయబోతున్నట్టే ఉండేది మాట. తీరా చూస్తే పొయ్యి దగ్గర కూర్చుని రొట్టెలు తట్టిందీ, కాల్చిందీ, ఆరబెట్టిందీ ఒక్కతే. బయల్దేరబోయే ముందు రోజు అతడు నీళ్ళు కాచే కరెంటు కాయిల్ కూడా సంచిలో పెట్టాడు.

“అక్కడ అడిగినప్పుడల్లా చాయ్ ఇయ్యరు. గదిలనే నువ్వు పెడ్తువు గాని.”

“పొయ్యి మొకం చూసే పని లేదంటిరి గద?”

“కాయిల్ పొయ్యెట్లయితది? దానికి మంట యాడిది?”

మంట లేని పొయ్యి ఒకటి తన కోసం కనిపెట్టినందుకు ఆమె అతడి వంక చూసింది. అప్పుడు అతడు సంచులకు ఎర్ర అట్ట ట్యాగులు కడుతున్నాడు. పేరు చీటీలు కొనడం దండగని, ప్లాంటులో పాతబడి పారేసిన ట్యాగులు మూడు తెచ్చి వెనక వైపు పేర్లు రాశాడు.

ఆ ట్యాగు సంగతి కాలనీలో బడికెళ్ళే పిల్లలకు కూడా తెలుసు. యంత్రాన్ని ఆపి మరమ్మతు చేసేటప్పుడు దాని స్విచ్‌కు కడతారు. మీద ఇలా ఉంటుంది: ‘షట్‌డౌన్‌లో ఉంది. నడపరాదు. కట్టినవారే విప్పాలి.’ అది వేలాడుతుండగా ఎంత పెద్ద ఇంజనీరైనా స్విచ్ మీద చేయి వేయడు. కట్టినవాడు భోజనానికి వెళ్తే, వాడు తిని చేయి కడుక్కుని వచ్చేదాకా అందరూ కాచుకోవాల్సిందే. ఈ విషయంలో మాత్రం గురునాథ్‌కు వంక పెట్టలేం, దేవుడి దగ్గర కూడా అంత భక్తి లేదు. “లోపట ఒక మనిషి పానం ఉంటది ఆ చీటీ మీద” అనేవాడు. ఓవర్‌హాలింగ్ గురించీ అంతే. “యంత్రమన్నంక ఏడాదికొకసారి ఆపాలె. విప్పాలె, తుడవాలె, నూనె పెట్టాలె. ఊకె నడిపిచ్చుకుంట పోతె ఒకనాడు గప్పున కూలబడ్తది” అని, కొత్తగా పనిలో చేరినవాళ్ళకు చెప్పేదంతా తింటూ సుమంగళకూ చెప్పేవాడు. ఆమె వింటూ ఇంకో రొట్టె వడ్డించేది.

ముంబై రేవులో సంచులు మిషన్‌లోంచి వెళ్తుంటే కాపలా ఆమె ఆపింది. కాయిల్ తీసి పక్కన పెట్టింది, నిప్పు ప్రమాదమట, తిరిగొచ్చేటప్పుడు తీసుకోవాలట. తర్వాత రొట్టెల మూట విప్పి ఒక రొట్టెను వేలితో తట్టింది. అది టంగుమన్నది.

“ఏ క్యా హై?”

“రోటీ” అన్నాడు గురునాథ్.

ఆమె నమ్మలేదు. నమ్మాక కూడా, ఇంటి వంట ఓడలోకి రానివ్వం అన్నది. నడుం విరిగేలా తట్టిన రొట్టెలు, దంచిన చట్నీ, మురబ్బా సీసా అన్నీ అక్కడే ఒక పెద్ద డబ్బాలోకి పోయాయి. సుమంగళకు కడుపు మండిపోయింది. ఆ మంట కిందే, ఎవరికీ చెప్పుకోలేని సంతోషం కూడా ఒకటి మెదిలింది. పొయ్యీ పోయింది, దాని మంట లేని చెల్లెలూ పోయింది. ఇక తన మూడు రోజులు తనవే అనుకుంది.

కిటికీ లేని గది బీరువా అంత ఉంది. ఆ రాత్రి గురునాథ్ తిండి దగ్గర టోపీ పెద్దమనిషి మాటలన్నీ మరిచిపోయాడు. పైసా ఇవ్వకుండా వచ్చే పదార్థం ఏదీ అతడి పళ్ళెం తప్పించుకోలేదు. ముంబైలో కొన్న అల్లం అతడి జేబులోనే ఉండిపోయింది. తెల్లారేసరికి ఓడ ఊగడం మొదలైంది, అతడు కక్కడం మొదలైంది. పొద్దున్నుంచీ సుమంగళ బేసిన్ పట్టుకుంది, వీపు నిమిరింది, అల్లం నమిలించింది, కొద్దికొద్దిగా నీళ్ళు తాగించింది, తడిసిన దుప్పటి పక్కకు పెట్టి కొత్తది తెప్పించింది. పంపమ్మకు మాత్రం వికారం లేదు, గికారం లేదు. గంటకోసారి పైనుంచి వచ్చి కబురు చెప్పి పోయేది.

“నీళ్లేనే సుమంగళా, యాడ చూసినా నీళ్లే! ఒక పిల్ల వచ్చి ‘మాజీ’ అని చేతికి కాఫీ ఇచ్చిపాయె. కప్పు గూడ నేను కడుగలే!”

అలా రెండో రోజు మధ్యాహ్నమైంది. ఓడెక్కిన సుమంగళ ఇంకా సముద్రం చూడలేదు. గురునాథ్ కోలుకుని, పెరుగన్నం తెప్పించుకు తిని, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చుట్టూ చూసి తన ఖరాబైన బట్టల కుప్ప వేలితో చూపించాడు.

“లాండ్రీకేస్తె ఒక్కొక్కదానికి లెక్క కడ్తరంట. ఆ నాలుగు జాడించి బాత్రూంల తాడుకేస్తె అయిపాయె. నీకెట్లా పనేం లేదు గద ఈడ.”

పనేం లేదు. ఆ మాట ఆమెకు కొత్త కాదు. అతడి తమ్ముడి పెళ్ళిలో ముప్పై మందికి వండి కూర్చున్నప్పుడు అన్నాడు. కూతురు స్ఫూర్తి పుట్టిన పదకొండో రోజు అన్నాడు. ఎప్పుడూ కోపంగా అనలేదు, అదే ఆమెకు విడని చిక్కు. కోపంగా అంటే కోపంగా జవాబు చెప్పేది. వాన పడుతోంది, గొడుగు తీసుకో అన్నంత మామూలుగా అనేవాడు. ఇంట్లోనైతే గోడలూ, కూరగాయలూ, బూడిదా ఆమె తరఫున ఏదో ఒక సాక్ష్యం చెబుతాయి. ఇక్కడ డబ్బులు పోసి కొన్న విశ్రాంతి మధ్యలో నిలబడి, మొగుడి కక్కు బట్టలు ఉతకబోతూ, పనేం లేని మనిషిగా ఉండటం ఆమెకు ఒక్కసారిగా తిక్క పుట్టించింది. నవ్వు కూడా వచ్చింది. ముప్పై అంతస్తుల బాయిలర్‌లో ఎక్కడో ఒక గొట్టం సన్నగా కారితే కింద నిలబడి చెవితో పట్టేస్తాడని ఈ మనిషికి పేరు!

ఆమె బట్టల కుప్ప దగ్గరకు వెళ్ళలేదు. సంచి దగ్గరకు వెళ్ళి ఎర్ర ట్యాగు విప్పింది. చీర పైటకున్న పిన్నీసు తీసి, ట్యాగు భుజం మీద అందరికీ కనబడేలా పెట్టి, మళ్ళీ పిన్నీసు పెట్టుకుంది.

గురునాథ్ నవ్వాడు. “ఏంది తమాషా?”

“సదువుండ్రి.”

“నాకు తెల్వదా ఏమున్నదో?”

“తెలిస్తె మంచిదే. నేను షట్‌డౌన్ల ఉన్న.”

“పిచ్చి గిట్ల లేసిందా? తియ్యి ఇటు” అని చెయ్యి చాపాడు. చెయ్యి పైట దాకా వచ్చి, అట్టకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ముప్పై ఏళ్ళ అలవాటు, వేళ్ళు ముందుకు పోలేదు. అతడు తన చేతిని తానే విచిత్రంగా చూసుకున్నాడు.

“కట్టినోళ్లే విప్పాలె” అన్నది సుమంగళ. “మీరే చెప్పిన్రు.” తలుపు దగ్గరగా వేసి మెట్లెక్కింది.

పైన సముద్రం ఉంది. నిజంగానే యాడ చూసినా నీళ్ళే. ఆమె ఒక కుర్చీలో కూర్చుని, కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు ముడుచుకుని, తర్వాత చాపింది. ఒక అమ్మాయి వచ్చి వంగి, తినడానికి ఏం కావాలని హిందీలో అడిగింది. రాయచూరులో పుట్టి పెరిగిన మనిషికి ఆ భాషలో ఇబ్బంది లేదు. కానీ ఏం కావాలో తోచలేదు. అతడికేం కావాలో తెలుసు, అత్తకేం పడదో తెలుసు, స్ఫూర్తి దేనికి మొహం ముడుచుకుంటుందో తెలుసు. చివరికి నోటికి అలవాటైన మాటే వచ్చింది.

“జో బచా హై, వోచ్ దేదో.” ఏది మిగిలితే అదే ఇవ్వమంది.

ఆ అమ్మాయి తెల్లబోయింది. “ఇంకా ఏమీ మిగల్లేదు మేడమ్. అన్నీ ఇప్పుడే చేస్తున్నారు. మీదే మొదటి పళ్ళెం.”

సుమంగళకు కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. మొదటి పళ్ళెం! సిగ్గేసింది, దుఃఖం వచ్చింది, ఆ వెనకే విపరీతమైన ఆకలి వేసింది. ఎర్రగా కాల్చిన మసాలా దోసె తెమ్మని, ఒకటి కాదు రెండని చెప్పింది.

దోసె తుంచుతుండగా పంపమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. కోడలి భుజం మీది ట్యాగు చూసింది. ఇరవై ఆరేళ్ళుగా ఈ ముసలామె కూరలో ఉప్పు నుంచి నడకలో చప్పుడు దాకా దేన్నీ వదిలింది లేదు.

“మా వాని కార్ఖానా చీటీ గద ఇది? ఏమంటడు వాడు?”

“ముట్టలేక కూసున్నడు అత్తా.”

పంపమ్మ సముద్రం వైపు తిరిగింది. తర్వాత దోసె ముక్క ఒకటి కోడలి పళ్ళెంలోంచే తుంచుకుంది.

“నీ చాకిరి ఇరవై ఆరేండ్లే. నాది మీ మామ పోయినంక గూడ ఆగలే. ఇంకో సంచికి ఒకటుంది గద, పోయి తెచ్చి నాకు గూడ పెట్టవే.”

శనివారం పొద్దున ఇల్లు చేరారు. ముంబై రేవులో తిరిగి తీసుకున్న కాయిల్ తప్ప సంచిలో ఉన్నదంతా విడిచిన బట్టలే. గురునాథ్ కుర్చీలో కూర్చుని కాసేపు చాయ్ కోసం చూశాడు, కాసేపు ఇద్దరి భుజాల వైపు చూశాడు. చివరికి లేచి వంటింట్లోకి వెళ్ళాడు. “చాపత్తి ఏడున్నది?” అని ఒకసారి, “గిన్నె ఏది?” అని ఒకసారి అరిచాడు. ఇద్దరూ జవాబివ్వలేదు. ఆగిన యంత్రం మాట్లాడదని అతడికే బాగా తెలియాలి.

మధ్యాహ్నానికి అతడు ఉతికేసిన బట్టలు బాల్కనీలో ఆరాయి. ఒక్కొక్కటే తీసి బూడిద దులుపుతుంటే పక్కింటి జంబన్న తల బయట పెట్టాడు. “గురునాథన్నా, మేం గూడ పోదమనుకుంటున్నం ఓడల. ఏమన్న ఉపాయాలుంటె చెప్పు, ఖర్చు తక్కువ కావాలె.”

గురునాథ్ చేతిలోని గలీబును ఒకసారి గట్టిగా దులిపాడు.

“అన్నిట్ల ఆదా చెయ్యి జంబన్నా. సంచులకు చీటీలు మాత్రం బజార్ల కొనుక్కో.”

లోపల మంచం మీద అత్తాకోడళ్ళు పక్కపక్కన పడుకుని ఇది విన్నారు. పంపమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ, భుజం మీది అట్టను తడుముకుంది.

“ఎప్పుడు విప్పుదమే ఇవి?”

“తొందరేముంది అత్తా?” అని సుమంగళ ఇటు తిరిగి పడుకుంది. “ఇరవై ఆరేండ్ల ఓవర్‌హాలింగ్. మూడు దినాలల్ల యాడ అయితది?”